చేతులు కట్టేస్తే వచ్చిన దెబ్బ

ఆదివారం వికారాబాద్‌లో నా మొదటి బాక్సింగ్ పోటీ. నెల రోజులుగా దూలానికి వేలాడే ఇసుక సంచిని గుద్దుతున్నా నా దెబ్బకు బలం రాలేదు. నిజాం ఫౌజులో బాక్సింగ్ చేసి, అది రద్దయ్యాక తాండూరులో కుట్టుమిషన్ పెట్టుకున్న ఖాసిం సాబ్ నాకు గురువు. ఆయన ఈ రోజు నా రెండు చేతులూ తువ్వాలుతో ఛాతీకి కట్టేశాడు.

"చేతుల సంగతి మర్చిపో. మడమ తిప్పు, నడుము తిప్పు, భుజంతో గుద్దు. గంతే!" అన్నాడు.

సిగ్గుపడుతూనే గట్టిగా తిరిగాను. సంచి ఎగిరిపోయింది. మురిసిపోతూ చూస్తుండగానే తిరిగొచ్చి నా ముక్కు పగలగొట్టింది.

"ఎవరు కొట్టిన్రు?" ఇంట్లో నా భార్య కంగారుగా అడిగింది.

"నేనే."

"మరి ఆదివారం నీ ఎదుటోళ్లకేం పని?"

ముక్కు సలుపుతోంది. మడమ మాత్రం కంచం ముందు కూడా ఆగకుండా తిరుగుతోంది. మీరైతే ఆదివారం దాకా ఎట్లా ఆగుతారు?