సక్కుబాయి, వైరు లేని బెల్లు

అజీజ్‌నగర్‌లోని ఒక ఫామ్‌హౌస్‌లో సక్కుబాయి వంట చేస్తుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. గేటేమో వంటింటికి అరవై గజాల దూరం. మాటిమాటికీ వెళ్లి చూడలేకపోతోందని యజమాని సత్యనారాయణమూర్తి వైరు లేని కాలింగ్ బెల్లు కొన్నారు. నొక్కే మీట గేటుకు, మోగే డబ్బా వంటింటికి. ఫోన్ల కంపెనీలో ముప్పై ఏళ్లు టవర్ల పని చూసి రిటైరైన మనిషి కాబట్టి స్క్రూలు స్వయంగా బిగించారు.

"ఇక నీకు హాయి సక్కూ. ఎవరైనా వస్తేనే వెళ్లు," అన్నారు.

మర్నాటి నుంచి అది రోజుకు పదిసార్లు మోగింది. పొయ్యి మీద పప్పు వదిలి, కుంటుకుంటూ వెళ్తే గేటు దగ్గర పిట్ట కూడా ఉండేది కాదు. తోటమాలి హన్మంతు గేటుకు నిమ్మకాయలు కట్టాడు. మూర్తిగారు బ్యాటరీలు మార్చారు. చివరికి అదే రకం కొత్త బెల్లు తెచ్చారు. అదీ అంతే.

ఒకరోజు సక్కుబాయి ఒళ్లు మండి, ఆ డబ్బాను బియ్యం పోసే స్టీలు డబ్బాలో పడేసి మూత బిగించింది. సాయంత్రం దాకా చప్పుడు లేదు. ఆమెకు అనుమానం వచ్చింది. హన్మంతును గేటు దగ్గర మీట నొక్కమని చెప్పి, తాను స్టీలు డబ్బాకు చెవి ఆనించింది. లోపల మోగలేదు. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి నొక్కించింది. గణగణా మోగింది.

"సారూ, గిది గాలిలకెళ్లి వస్తున్నది. నాలుగు దిక్కుల స్టీలు అడ్డం పెడితే ఆగుతున్నది. మన మీట కాదు, ఇంకెవరిదో మన డబ్బాను మోగిస్తున్నది," అని మూర్తిగారికి చెప్పింది.

మూర్తిగారు స్టీలు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి చూశారు.

సక్కుబాయి నేరుగా పక్క ఫామ్‌హౌస్‌కు వెళ్లి వాళ్ల గేటుకున్న అలాంటి మీటే నొక్కింది. వెనక నుంచి మూర్తిగారి భార్య జానకీదేవి కేక వినిపించింది. "సక్కూ, బెల్లు మోగింది, గేటు దగ్గర ఎవరో వచ్చారు, చూడు."

అదే సమయానికి పక్కింటి వంటమనిషి ఎస్తేర్ గరిటెతో బయటికొచ్చింది.

"నెల దినాల సంది నన్ను గేటుకు తిప్పుతున్నది మీ ఇంటి బెల్లేనా అక్కా?"

"నన్ను తిప్పింది మీదే," అంది సక్కుబాయి. ఇద్దరూ గేటు దిమ్మె మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వారు.

మూర్తిగారు వచ్చి, రెండు బెల్లులదీ ఒకే ఫ్రీక్వెన్సీ అనీ, పైగా ఫ్యాక్టరీలో పెట్టిన కోడ్ కూడా ఒకటేననీ చెప్పబోయారు.

"ఇద్దరికి ఒకటే పేరు పెడితే పిలిచినప్పుడల్లా ఇద్దరు పలుకుతరు గద సారూ. మనదాని పేరు మార్చుండ్రి," అంది సక్కుబాయి.

మూర్తిగారు స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నారు. మీటకూ డబ్బాకూ వెనక మూతలు తీసి, లోపలి చిన్న స్విచ్చులు రెండింట్లోనూ ఒకేలా మార్చారు. ఆ పూట సక్కుబాయి పప్పు మాడకుండా దించింది.

ఇప్పుడు మొయినాబాద్ దాకా ఏ ఫామ్‌హౌస్‌లో బెల్లు పిచ్చిగా మోగినా సక్కుబాయికే కబురు వస్తుంది. మూర్తిగారు కారులో తీసుకెళ్తారు. మొన్న ఒక ఇంట్లో ఆయన్ను చూపించి ఎవరని అడిగారు.

"మా సారు. స్క్రూలు మంచిగ ఇప్పుతరు," అంది.