సీట్లు నిండితేనే కదిలిన అంబాసిడర్

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. ముప్పై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసినవాణ్ని. బండి స్టార్ట్ కాలేదంటే డీజిల్ అయినా అందకపోవాలి, బ్యాటరీ అయినా పోవాలి. మూడో కారణం ఉంటుందని ఈ సంగతి జరిగేదాకా అనుకోలేదు.

మాది జమ్మికుంట. నిరుడు ఉట్నూర్‌లో మూలపడ్డ ఒక పాత అంబాసిడర్ కొని, డీసీఎం వ్యానులో వేసుకొచ్చాను. ఆదిలాబాద్‌కు షేర్ ట్యాక్సీగా తిరిగిన బండి. నడిపిన లింగన్న చనిపోయాక కొడుకు అమ్మేశాడు. "మా బాపు పది మందితోని సీట్లు నిండకుంటె బండి తీయకపోతుండె" అని అతను గొప్పగా చెబితే నవ్వి ఊరుకున్నాను.

బాగుచేసి అమ్ముదామని నా ఆలోచన. పెట్టింది మాత్రం మా ఆవిడ సుజాత కుట్టుపని నేర్పే రేకుల షెడ్డులో. ఆమె మిషన్లన్నీ పట్టా కప్పుకుని వరండాలో పడి ఉన్నాయి. రెండు నెలలన్న పని ఎనిమిది నెలలైంది. నేర్చుకునే ఆడపిల్లలు ఒక్కొక్కరే వేరే చోటికి పోగా తొమ్మిది మంది మిగిలారు.

"వానలు పడేలోపు నా షెడ్డు నాకు కావాలె. లేకుంటె నీ కారుకు సీటు కవర్లు కుట్టుకుంట దాంట్లనే కూసుంట" అంది. నవ్వుతూ అనలేదు. నాకు నిజంగా సిగ్గేసింది.

ఇంజను విప్పి కట్టాను. వెనక బరువు మోసే స్ప్రింగు పట్టీలు, కమాన్లు, కొత్తవి వేశాను. నల్లరంగు కొట్టి టాపుకు పసుపురంగు వేశాను. పెళ్లికొడుకులా తయారైంది. తాళం తిప్పితే మాత్రం గుర్రుమని తిరుగుతుందే కానీ అందుకోదు. పైపుల్లో గాలి తీశాను, బ్యాటరీ మార్చాను. వారం రోజులు బతిమాలాను, తిట్టాను.

ఒకరోజు ఆ తొమ్మిది మందీ ఫొటోలు దిగుతామని కారులో ఇరుక్కున్నారు. స్టీరింగ్ ముందున్న నేను ఊరికే తాళం తిప్పాను. ఠక్కున అందుకుంది!

మర్నాడు ఒక్కణ్నే తిప్పితే మళ్లీ మొండికేసింది. ఒక్కొక్కరిని ఎక్కించి చూశాను. నాతో కలిపి పదో మనిషి ఎక్కేదాకా ఉలకదు పలకదు. బరువు సంగతేమోనని సిమెంటు బస్తాలు వేశాను. లాభం లేదు.

"బస్తాలు కిరాయి ఇస్తయా?" అంది సుజాత.

ఆదివారం ఆదిలాబాద్ నుంచి పెళ్లిళ్లకు కార్లు కిరాయికి తిప్పే ఒకాయన వచ్చాడు. అమ్మాయిలు ముందే ఎక్కి కూర్చున్నారు. ఆయన నడిపి, ఊరంతా ఒక చుట్టు తిప్పి, మురిసిపోయి, బేరం ఖాయం చేసుకున్నాడు. అమ్మాయిలు దిగారు. ఆయన ఇంజను ఆపి కాగితాలు జేబులో పెట్టుకున్నాడు.

అమ్మాయిల్ని ఎక్కించి స్టార్ట్ చేసి పంపినా, మనిషి ఒక్కడు, దారిలో అడవి, అక్కడ ఆగితే మళ్లీ అందుకోదు. అబద్ధంతో అంటగట్టలేకపోయాను. సుజాత గుడ్లురిమి చూస్తున్నా ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన పగలబడి నవ్వాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. నేనొక్కణ్నే పోత" అని తాళం తిప్పాడు.

మొదటి దెబ్బకే అందుకుంది. నేను నోరు తెరిచి చూస్తుండగా కారు గేటు దాటింది. అప్పుడు చూశాను దాని వెనక భాగం. పెళ్లి బృందాన్ని ఎక్కించుకున్నట్టు కిందికి కుంగి ఉంది. గతుకులో పడ్డప్పుడు పొగగొట్టం నేలకు రాసుకుంది. లోపల ఆయన తప్ప ఎవరూ లేరు. మిట్ట మధ్యాహ్నం, అద్దాల్లోంచి అవతలి గోడ కనబడుతోంది.

ఆ కమాన్లు నేనే వేశాను. ఒక్క మనిషికి అవి అంత కుంగవు. ఎందుకు కుంగాయో ఇప్పటికీ చెప్పలేను.

"ఏందయ్యా, గట్లనే నిలబడ్డవ్?" అంది సుజాత, అప్పటికే పట్టా తీసేస్తూ. "ఆదిలాబాద్ పోయేటోళ్లు ఎక్కినట్టున్నరు. పోనీ. నా షెడ్డు ఖాళీ అయింది. జర గా మిషను పట్టు."

పట్టాను.