చిన్న పెట్టె

కరీంనగర్‌లో మంచిర్యాల బస్సెక్కాను. పక్క సీటాయన ఒళ్లో తెల్ల లేసు చుట్ట ఉంది. "పాపకు గౌను కుట్టిస్తారా?" అన్నాను.

"లేదు సార్. నస్పూర్‌ల మా చర్చి పక్కన శవాల పెట్టెలు చేస్త."

ఆయనే చెప్పుకొచ్చాడు.

"పెద్దోళ్లయి తయారుగ ఉంటయ్. పిల్లలయి ఎన్నడు ముందుగాలనే చేసి పెట్టలే. పెడితే ఎవలి పిల్లో సావాలని ఎదురుసూసినట్టే గద? యేసయ్య ముంగట ఏం మొఖం పెట్టుకొని నిలబడాలె? కానీ మొన్న ఒక తండ్రి వచ్చిండు. నేను చెక్క కోసి మొలలు కొట్టేదాంక బయట కూసొని ప్రతి దెబ్బ విన్నడు."

లేసును అరచేత్తో సాపు చేశాడు.

"గందుకే ఇప్పుడు ఒకటి చేసి పెడుతున్న. దుకాణం తెరవంగనే అందరు గిరాకీ కావాలని మొక్కుతరు. నేను మాత్రం గా చిన్న పెట్టె అమ్ముడు పోవద్దని ప్రార్థన చేస్త."

తర్వాత నస్పూర్ మీదుగా వెళ్లినప్పుడల్లా బస్సులోంచి ఆ దుకాణం వైపు చూసేవాణ్ణి. గోడకు ఆనించిన చిన్న పెట్టె దుమ్ము పట్టి కనిపిస్తే ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

మొన్న ఆ చోటు ఖాళీగా ఉంది.