హెరిబర్ట్ ఇంటి బీరు

హెరిబర్ట్ క్యూర్టెన్ ముప్పై ఎనిమిదేళ్లు జర్మనీలో, మా కొలోన్ ఊరి ట్రాముల బ్రేకులు బాగుచేసి పదవీ విరమణ చేశాడు. ఆ తర్వాత ఆయన ఈ లోకాన్ని కోరింది ఒక్కటే. తను ఇంట్లో కాచిన కోల్ష్ బీరును ఎవరైనా రెండో గ్లాసు తాగాలి.

మా ఊళ్లో కోల్ష్ గ్లాసు సన్నగా ఉంటుంది, నాలుగు గుక్కలకు మించి పట్టదు. ఖాళీ అవడం ఆలస్యం, ఇంకోటి ముందుకొస్తుంది. విస్తట్లో వడ్డనకు చెయ్యి అడ్డం పెట్టినట్టు, చాలనుకున్నవాడు గ్లాసు కింద ఉండే అట్టబిళ్ల తీసి దాని మీద మూత పెట్టాలి. గురువారం గురువారం హెరిబర్ట్ ఇంట్లో పేకాట. వచ్చేది ఇద్దరే. రొట్టెల కొట్టు కొడుక్కి అప్పగించిన హైన్, పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైన లుడ్‌గెర్. ఇద్దరూ మర్యాదస్తులే. హెరిబర్ట్ పోసిన మొదటి గ్లాసును కషాయంలా గొంతులో పోసుకుని, వెంటనే అట్టబిళ్ల పెట్టేసేవారు. మూడేళ్లుగా ఇదే వరస.

నిజం చెప్పొద్దూ, మొదట్లో తప్పు ఆయనదే. కోల్ష్‌ను చల్లగా పులియనివ్వాలి, తర్వాత వారాల తరబడి చలిలో కదపకుండా ఉంచాలి. ఊరుకోవడమన్నది ఆయన ఒంట్లోనే లేదు. రోజుకు మూడుసార్లు నేలమాళిగలోకి దిగి మూత తీసి వాసన చూసేవాడు. దాంతో బీరు పుల్లబడి, మజ్జిగలా మసకగా తయారయ్యేది.

"నా రొట్టెలు పొంగితే డబ్బులొచ్చేవిరా. నీ బీరు తాగితే పొట్ట పొంగుతోంది, ఏం లాభం?" అనేవాడు హైన్.

అందరికన్నా ఎక్కువ అవస్థ పడ్డది ఆయన భార్య మార్లీస్. రెండు నెలలకో శనివారం ఆవిడ వంటిల్లు ఆవిడది కాదు. బార్లీ మాల్టు పొంగి పొయ్యికి అట్టకట్టేది, కర్టెన్లకు ఉడికిన గంజి వాసన పట్టేది.

పదిహేడోసారి హెరిబర్ట్ పంతం పట్టాడు. నేలమాళిగకు తాళం వేసి తాళంచెవి మార్లీస్ చేతికిచ్చాడు. ఐదు వారాల తర్వాత తలుపు తీస్తే లేత గడ్డి రంగు బీరు, గ్లాసు అవతలి వేళ్లు కనబడేంత తేటగా ఉంది. రుచి చూస్తే ఆయనకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ గురువారం ఇద్దరికీ అంచుదాకా పోశాడు. హైన్ గుటుక్కున మింగి మూత పెట్టాడు. లుడ్‌గెర్ సగంలోనే పెట్టాడు.

"అసలు రుచి చూశార్రా మీరు?"

"మూడేళ్ల నుంచి చూస్తూనే ఉన్నాం కదరా," అన్నాడు లుడ్‌గెర్ ముక్కలు పంచుతూ.

హెరిబర్ట్‌కు ఒళ్లు మండిపోయింది. పై గురువారానికి, వీధి చివరి బీరుశాల వాళ్ల ఖాళీ పీపా ఒకటి ఇంట్లో ఉంటే కడిగాడు. మార్లీస్ గరాటు పట్టుకుంటే, మిగిలిన ఆరు లీటర్లూ అందులో పోసి కుళాయి బిగించాడు.

"నాది మానేశాన్రా. ఇది బీరుశాలది," అన్నాడు.

ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. హైన్ ఆరు గ్లాసులు దాటినా అట్టబిళ్ల ఊసెత్తలేదు. లుడ్‌గెర్ మీసానికంటిన నురగ కూడా వదల్లేదు. మార్లీస్ మూల కుర్చీలో కూర్చుని నెమ్మదిగా తన వాటా తను తాగుతోంది.

"ఇదిరా బీరంటే! నీకెందుకొచ్చిన తిప్పలు చెప్పు? ఎవడి పని వాడే చెయ్యాలి," అన్నాడు హైన్.

హెరిబర్ట్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. గెలిచింది తనే, తిట్లు తింటున్నదీ తనే. హైన్ పదో గ్లాసు ఎత్తేసరికి ఇక ఆగలేక చేతిలో ముక్కలు బల్లకేసి కొట్టాడు.

"అది నాదిరా! నేను కాచింది!"

ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

"కావాలంటే మార్లీస్‌ని అడగండి. గరాటు పట్టుకున్నది తనే!"

"నువ్వు చెప్పమ్మా మార్లీస్," అన్నాడు లుడ్‌గెర్.

మార్లీస్ మొగుడి వంక చూడలేదు. "ఏం గరాటు? పొద్దున నేనే బీరుశాల నుంచి తోసుకొచ్చాను. ఆయనకి కాస్త ఎక్కువైంది, పట్టించుకోకండి."

వాళ్లు వెళ్లగానే హెరిబర్ట్ తలుపు వేసి ఆవిడ వైపు తిరిగాడు.

"ఎందుకే అంత అబద్ధం ఆడావు?"

"బాగుంది కాబట్టి," అంది ఆవిడ. "బాగుందని తేలితే వారం వారం కాయమంటారు. ఇక నా పొయ్యి నాకు దక్కుతుందా? ఎప్పటికైనా విసిగి మానేస్తావని మూడేళ్లు ఓర్చుకున్నాను."

కోపంతో ఊగిపోతూనే, "బాగుందా? నిజంగానా?" అని అడిగాడు.

మార్లీస్ తన గ్లాసు చాపింది. "ఇంకా ఉందా అందులో?"

ఆయన పీపా పూర్తిగా వంచాడు. కుళాయిలోంచి కాస్త నురగ వచ్చి ఆగిపోయింది.

"మళ్లీ కాయాలి మరి," అన్నాడు ఆశగా.

మార్లీస్ పొయ్యి వైపు చూసింది. లేచి వెళ్లి గ్లాసు కడిగి బోర్లించింది.