ఓడను ఆపిన తిమ్మన్న

ఆదోనిలో మా వీధికి తిమ్మన్నగారి పేరు పెట్టాలని పోయిన డిసెంబరులో తీర్మానమైంది. వీధిలో ఎవరికీ అభ్యంతరం లేదు, ఒక్క తిమ్మన్నగారికి తప్ప.

పేరు పెట్టడం వరకు ఆయనా ఊరుకున్నాడు. గొడవంతా పేరు ముందు తగిలించిన మాటతో వచ్చింది. జిన్నింగు మిల్లు వెంకటేశ్వర్లు శెట్టి వీధి మొదట్లో కట్టించిన బ్యానరు మీద ‘కరాచీ వీరుడు నేవీ తిమ్మన్న’ అని ఉంది. కింద మండుతున్న ఓడ. అది ఏ దేశపు ఓడో బ్యానర్ల షాపువాడికే తెలియాలి. పైన మేఘాల్లో, సరిగ్గా దేవుణ్ణి పెట్టే చోట, తిమ్మన్నగారి పాస్‌పోర్టు ఫోటో. పన్ను నొప్పి నాడు తీయించుకున్న ఫోటో కాబట్టి దేవుడు కొంచెం చిరాగ్గా ఉన్నాడు.

ఎనభైకి దగ్గరపడ్డ మనిషి పంచె ఎగ్గట్టి, చేతికర్ర ఇంట్లోనే మరిచి, శెట్టి అంగడికి నడిచాడు.

“ఏం శెట్టీ, నేను కరాచీ పోయినానని నీకెవురు సెప్పినారు?”

“ఊరంతా సెప్తాది గదా సార్!”

“ఊరు నా ఓడలో ఉన్నిందా?”

“లేదనుకోండి...”

“నేనుంటి. మేం ఆడికి పోనే లేదు. పొయ్యే ఓడను ఆపినోణ్ణి నేనే. తీసెయ్ ఆ గుడ్డ.”

శెట్టి నవ్వేశాడు. గొప్పవాళ్లకు వినయం జాస్తి అని ఆయన నమ్మకం. “రేపు సభలో మీరు ఊరికే శాలువా కప్పించుకోండి సార్. మాట్లాడే కష్టం మాకిడిసిపెట్టండి” అన్నాడు.

తిమ్మన్నగారి నాయన ఈ ఊళ్లోనే ఒక పత్తి మిల్లులో బాయిలరు దగ్గర పని చేసేవాడు. కొడుకు అనంతపురంలో ఇంజనీరింగు చదివి, పత్తికి పోకుండా నేవీకి పోయాడు. మొదటి సెలవులో తెల్ల యూనిఫాంతో ఆదోని స్టేషన్లో దిగితే ఒక ముసలమ్మ తన టికెట్టు చేతిలో పెట్టి, “గుంతకల్లు బండి ఎప్పుడప్పా?” అని అడిగింది. ఈయన టికెట్టు తిరిగిచ్చి, స్టేషన్ మాస్టరు గదికి పోయి, కనుక్కొని వచ్చి చెప్పాడు. ఈలోపు ఇంకో నలుగురు టికెట్లు చాపారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన ఊళ్లోకి యూనిఫాంతో రాలేదు.

డెబ్బై ఒకటిలో పాకిస్తాన్‌తో యుద్ధమొచ్చింది. అప్పటికి ఆయన లెఫ్టినెంటు, పెళ్లై ఏడాది. ఓడ ఇంజను గదిలో యుద్ధం ఎట్లుంటుందని ఎవరడిగినా ఆయన చెప్పేది ఒకటే. “యుద్ధమంటే కైరుప్పలలో ఉగాది మర్నాడు జరిగే పిడకల కొట్లాట. పిడక ఎవడు ఇసిరినాడో కండ్లారా సూడొచ్చు, తిరిగి ఇసరొచ్చు. మాది నీళ్ల కింద గది. మాకు గంట ఇనపడతాది, ముల్లు కదులుతాది, అంతే.”

పైన కెప్టెన్ పిడి తిప్పితే కింద గంట మోగుతుంది. ముల్లు ‘పూర్తి వేగం’ మీద నిలిస్తే వీళ్లు ఆవిరి వదలాలి. ఆ సాయంత్రం ముల్లు అక్కడే నిలిచింది. మిగతా ఓడలు కరాచీవైపు ముందు పోతున్నాయి. తిమ్మన్నగారు టర్బైను మీద, ఎప్పటిలాగే, చేతి వెనకవైపు ఆనించాడు. చేయి నిలవలేదు. బేరింగు కాలిపోతోంది. నూనె మాడిన వాసన. ఇంజను తిరుగుతూ తిరుగుతూ పట్టేస్తే ఇనుము ముక్కలై లేస్తుంది, ఆవిరి గొట్టం పగులుతుంది. ఆ గదిలో ఉన్నవాళ్లకు పైకి ఎక్కే టైముండదు. పైకి ఫోను చేసి చెప్పాడు. “నడవనీ” అన్నారు. మళ్లీ చెప్పాడు. మళ్లీ అదే మాట.

ఆయన వాల్వు చక్రం పట్టుకుని మూసేశాడు.

“ఎవరి ఆర్డరు మీద ఆపినావు?” అని ఫోనులో కెప్టెన్ అరిచాడు.

“నా ఆర్డరు మీదే సార్.”

ఓడ వెనకబడింది. రెండో ఇంజనుతో ఈడ్చుకుంటూ బొంబాయి చేరింది. తర్వాత విచారణ జరిగింది. బేరింగు విప్పితే లోహం కరిగి ఉంది. ఇంకో గంట నడిచేదని ఒక అధికారి, పది నిమిషాలు కూడా నడిచేది కాదని ఇంకొకాయన. శిక్ష పడలేదు, మెచ్చుకోలూ రాలేదు. ప్రమోషన్లు మాత్రం ఆయన తలుపు తట్టకుండా పక్క తలుపులు తట్టుకుంటూ పోయాయి.

మరి కరాచీ కథ ఎక్కడ పుట్టింది? ఎమ్మిగనూరులో, అత్తగారింట్లో.

ఆ నెలలో ఆయన భార్య సుగుణమ్మ కాన్పుకు పుట్టింట్లో ఉంది. రేడియోలో కరాచీ దాడి వార్తలు విన్న ఆడవాళ్లంతా మంచం చుట్టూ చేరి, “మీ ఆయన యాడుండాడు? పోయినాడా లేదా?” అని పీకారు. ఉత్తరం రాక, బతికున్నాడో లేడో తెలియక ఏడుపు మింగుకుంటున్న పిల్ల, “ఆయన ఓడే కాల్చింది కరాచీని” అనేసింది. మర్నాటికి ఊరంతా తెలిసింది. సెలవు మీద వచ్చిన అల్లుణ్ణి మామగారు బస్టాండు నుంచి తప్పెట్లతో ఊరేగించుకు వచ్చాడు. మెడలో గాలి ఆడనన్ని దండలు. అల్లుడు భార్యవైపు చూశాడు. భార్య బిందెవైపు చూసింది. కొత్త అల్లుడు అత్తగారింట్లో, నలుగురి ముందర, పెండ్లాం మాట కాదనడం మన దగ్గర ఎక్కడుంది? తల వంచుకుని బొబ్బట్లు తిన్నాడు. అలా నోరు మూసుకున్న మనిషి యాభై ఏళ్లు అక్కడ ఆ నోరు తెరవలేదు. కథేమో బస్సెక్కి ఆదోని వచ్చేసింది.

లెఫ్టినెంట్ కమాండరుగానే రిటైరై వచ్చి ఇదే శెట్టి మిల్లులో ఇంజనీరుగా చేరాడు. అక్కడా ఆపడమే ఆయన ఉద్యోగం. ఒక సీజనులో, గేటు బయట పత్తి లారీలు వరసకట్టి ఉండగా, ఏసమ్మ అనే కూలీ కొంగు షాఫ్టుకు చుట్టుకోబోయింది. తిమ్మన్నగారు మిల్లు మొత్తం ఆపేసి, ఆ షాఫ్టుకు కంచె బిగించేదాకా తిప్పేది లేదని కుర్చీ వేసుకుని స్విచ్చి ముందు కూర్చున్నాడు. శెట్టి బతిమాలాడు, అరిచాడు. ఈయన, “మిషను పోతే ఇంకోటి కొంటావు. ఏసమ్మ చెయ్యి ఏ అంగట్లో దొరుకుతాది శెట్టీ?” అన్నాడు. కంచె వచ్చింది. శెట్టి పది రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆయనే కాఫీ పంపించాడు.

సభకు ముందు రోజు వాళ్లింట్లో జరిగిన మాటలు వీధికంతా తెలుసు. ఇంజన్ల హోరుకు ఆయన చెవులు పోయాయి కాబట్టి వాళ్లింట్లో రహస్యాలు కూడా కేకలే.

“రేపు మైకులో సెప్పేస్తా, సుగుణా.”

“యాభై ఏండ్లు లేని రోషం ఇప్పుడెందుకయ్యా? మా ఎమ్మిగనూరోళ్లంతా వస్తాండారు. తమ్ముడు లచ్చన్న కారు మాట్లాడినాడు. వాళ్ల ముందర నేను అబద్దాలకోరునైపోవాల్నా?”

“నీ పేరు ఎత్తను.”

“ఎత్తకపోతే తెలీదా? నీకు బతుకంతా ఏమిచ్చినారు ఆ నేవీవోళ్లు? ఒక బోర్డు ఇస్తామంటే అదీ వద్దంటావు!”

“బోర్డు వద్దనలా. సూడు, నేను ఆపినందుకే ఆ గదిలోనోళ్లు ఇండ్లకు పోయినారు. పెండ్లిండ్లు సేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. ఇప్పుడు నేను కరాచీ కాల్చినానని శాలువా కప్పించుకుంటే, ఆపింది తప్పని నేనే ఒప్పుకున్నట్టు గాదా? విచారణ సేసినోళ్లెవురూ ఒప్పియ్యలేకపొయ్యిరి నన్ను. శెట్టి శాలువాకు ఒప్పుకుంటానా?”

ఆ తర్వాత వంటింట్లో గిన్నెలు మాట్లాడాయి.

సభ మునిసిపల్ స్కూలు ఆవరణలో పెట్టారు. ఆడవాళ్ల కుర్చీల్లో మొదటి వరసలో సుగుణమ్మ, పక్కన ఎమ్మిగనూరు బంధువులు. ఎదురుగా ఆమె తమ్ముడు లక్ష్మన్న, కొత్త చొక్కా మీద మడతలు కూడా పోలేదు. శెట్టి తన ప్రసంగంలో కరాచీని తగలబెడుతుండగానే తిమ్మన్నగారు లేచి మైకు లాక్కున్నాడు.

“శెట్టి సెప్పింది నేను సెయ్యలా. నేను కరాచీ సూడలా. యుద్ధంలో నేను సేసింది ఒకటే పని. మా ఓడ ఇంజను ఆపినా. కెప్టెన్ వద్దన్నాడు, అయినా ఆపినా. ఈ పొద్దు మళ్లా అదే గదిలో నిలబెడితే మళ్లా ఆపుతా. దానికి శాలువా కప్పుతారంటే కప్పండి. దేనికో కప్పి నా కండ్లు మూయొద్దండి.”

ఎవరో వెనకనుంచి, “మరి ఇన్నేండ్లూ కరాచీ అని సెప్పిందెవురప్పా?” అని అరిచాడు.

తిమ్మన్నగారు మళ్లీ కొత్త అల్లుడైపోయాడు. మైకు పట్టుకుని నేల చూస్తున్నాడు.

“నేను!” అని మొదటి వరసలోంచి వినిపించింది. సుగుణమ్మ లేచి, ఎమ్మిగనూరు బంధువుల వైపు తిరిగి నిలబడింది. “నేనే సెప్పినా. మొగుడు బతికుండాడో లేదో తెలీక, కడుపులో బిడ్డతో కుచ్చోనుంటే, మీ అమ్మలంతా వచ్చి నన్ను పీక్క తినిరి. నోటికొచ్చింది సెప్పినా. ఏమిప్పుడు? ఆయన్నెవురూ అడగొద్దండి.”

లక్ష్మన్న మొహం కందగడ్డైంది. “కుచ్చో అక్కా! పరువు పోతాది. ఓడ ఆపడం కూడా ఒక గొప్పేనా, మైకులో సెప్పేదానికి?”

“ఏంరా లచ్చన్నా, ఆపడం సులువనుకుంటివా? సైకిలు ఆపలేక మాచాని సోమప్ప రోడ్డులో పెండ్లివారి మీద పడి, పెండ్లికూతురి కాలు ఇరగ్గొట్టినోడివి నువ్వు!”

నవ్వులు గేటు దాటి బజారుదాకా పోయాయి. ఎమ్మిగనూరు బంధువులే ఎక్కువ నవ్వారు. ఆ పెళ్లికూతురు వాళ్లలోనే ఉందట. శెట్టి ఏం చేయాలో తోచక, శాలువా రెండు చేతులా పట్టుకుని, “అట్లయితే... ఆపినందుకే అనుకోండి సార్” అని కప్పేశాడు. తిమ్మన్నగారు ఈసారి వద్దనలేదు.

బోర్డు మాత్రం ఇంకా శెట్టి గోడౌనులోనే ఉంది. ఓడను ఆపినవాడి పేరు వీధికి పెట్టిన వాడుక ఎక్కడా లేదని కౌన్సిలరు నానుస్తున్నాడు. ‘కరాచీ వీరుడు’ అని ఉండనిస్తే రేపే పాతిస్తానని కబురు కూడా పంపాడు. దానికి సుగుణమ్మే, “మా వీధికి పేరు లేకున్నా ఉత్తరాలు వస్తాండాయి, పొమ్మను” అని జవాబు పంపింది.

మొన్న లక్ష్మన్న మనవరాలి పెళ్లికి అందరం ఎమ్మిగనూరు పోయాం. పంక్తిలో సుగుణమ్మ చుట్టూ మళ్లీ ఆడవాళ్లు చేరారు. “ఎట్ల ఆపినాడనుకుంటిరి? పైన కెప్టెన్ తుపాకీ పట్టుకోని నిలబడినాడు. ఈయన ఒంటి చేత్తో ఆ చక్రాన్ని...”

“తుపాకీ లేదు, ఏమీ లేదు!” అని పక్క పంక్తిలోంచి తిమ్మన్నగారు కేకేశాడు. “రెండు చేతులూ పెట్టినా! కాళ్లు వణికినాయి గూడా! రాసుకోండి!”

అత్తగారింట్లో ఆయన పెండ్లాం మాట కాదనడం అదే మొదలు.