ఆవకాయ సీసాలో దీపం, అల్ మవాలే నుంచి బురైమికి

మా అక్క కూతురు సాహితికి పదేళ్లు. ఇంట్లో నోరు మూయదు, మైకు ముందు నోరు తెరవదు. వాళ్లుండేది ఒమన్ సరిహద్దు ఊరు బురైమిలో. అక్కడి తెలుగు కుటుంబాలు నెలకో శుక్రవారం పిల్లల చేత మాట్లాడిస్తాయి. పోయిన రెండుసార్లూ నమస్కారం పెట్టి, ఏడుస్తూ దిగిపోయిందట. ఈసారి కరెంటు దీపం కనిపెట్టిన పెద్దాయన గురించి మాట్లాడతానని పేరిచ్చింది. "పిన్నీ, పక్కన నిజంగా దీపం వెలుగుతుంటే అందరూ దాన్నే చూస్తారు, నన్ను చూడరు. అప్పుడు మాట్లాడేస్తా" అంది ఫోన్లో. నేనున్నాను కదా అన్నాను. అల్ ఖువైర్‌లో ఆఫీసు ఫైళ్లు చూసుకునే నాకు కరెంటు గురించి తెలిసిందల్లా స్విచ్చు ఎక్కడుందో, అంతే.

అందుకే మస్తాన్ భాయ్‌ని పట్టుకున్నాను. కడప మనిషి; అల్ మవాలేలో మా వీధి మొదట్లో ఎలక్ట్రికల్ షాపు నడుపుతాడు. ఖాళీ ఆవకాయ సీసా మూతకు బెజ్జాలు పెట్టి, రెండు వైర్లు దింపి, వాటి చివర క్లిప్పుల మధ్య నొక్కుడు పెన్సిల్లో వేసుకునే సన్నటి గ్రాఫైట్ పుల్లను బిగించి, పన్నెండు వోల్టుల బ్యాటరీకి తగిలించాడు. పుల్ల ముందు పొగలాడింది, తర్వాత కళ్లు చెదిరేలా వెలిగింది, పది సెకన్లలో విరిగిపోయింది. "గాలి తగిల్తే అంతే మేడమ్, కాలిపోతాది. ఆ పెద్దాయన బల్బులో గాలంతా లాగేసినాడు. మనకాడ యాడుంది ఆ మిషను?" అన్నాడు. డబ్బాలో పన్నెండు పుల్లలుంటే పరీక్షలకే ఏడు అయిపోయాయి. మిగిలిన ఐదు చాలనుకున్నాం.

శుక్రవారం ఉదయం ఆరింటికి అతని కారులోనే బయల్దేరాం. బాతినా ఎక్స్‌ప్రెస్‌వే మీద సొహార్ దాకా రెండు గంటలు. అక్కడ కరక్ చాయ్ అనే చిక్కటి పాల టీ, పరాఠా ఇద్దరికీ కలిపి రియాల్ లోపే అయింది. సొహార్ దగ్గర వాదీ జిజ్జీ కొండల దారి పట్టాలి. పోనూ రానూ పెట్రోలుకు పన్నెండు, పదమూడు రియాళ్లు అవుతాయి. బురైమి ఒమన్‌లోనే ఉన్నా ఊరికి ముందే చెక్‌పోస్టు వస్తుంది, రెసిడెంట్ కార్డు చూపించాలి.

చూపించాం. పోలీసాయన చూపు వెనక సీటు మీద పడింది. అక్కడ సీసా, వైర్లు, బ్యాటరీ. పగలకుండా సీటు బెల్టు కూడా పెట్టి కూర్చోబెట్టాను. "యే క్యా హై?" అంటూ మమ్మల్ని కారు దిగమన్నాడాయన.

"ఇరవై ఏండ్లుగా ఈడుండా మేడమ్, ఎవురూ నన్ను కారు దిగమన్లేదు" అని గొణిగి, మస్తాన్ భాయ్ చెమట తుడుచుకున్నాడు. "లైట్ హై సర్, బచ్చీ కా స్కూల్ ప్రాజెక్ట్."

వెలిగించి చూపమన్నాడు. చూపించాం. "మాషా అల్లా!" అని పోలీసాయన చిన్నపిల్లాడిలా నవ్వి, కార్డులిచ్చి వెళ్లమన్నాడు.

వెళ్లొచ్చు కదా! నాకు ఉపన్యాసం పూనింది. లారీ డ్రైవర్లు ఇద్దరు తొంగి చూస్తే, ఆ పెద్దాయన దూది దారం కాల్చాడనీ, వెదురు పీచు దాకా వెళ్లాడనీ నా హిందీలో చెబుతూ ఒక పుల్ల వెలిగించాను. వాళ్లు వీడియో సరిగా రాలేదంటే ఇంకోటి. పోలీసాయన స్నేహితుడు వస్తే మరోటి. "ఒక్కటే ఉండాది మేడమ్!" అని మస్తాన్ భాయ్ డబ్బా లాక్కున్నాడు.

పదిన్నరకు బురైమి చేరి పుల్లల కోసం మూడు స్టేషనరీ షాపులు తిరిగాం. ఇక్కడ శుక్రవారం సెలవు కదా, అన్నీ మూసే ఉన్నాయి. పదకొండుకు హాల్లో సాహితి మైకు ముందు నిలబడింది. కళ్లు నా మీదే ఉన్నాయి. "ఇట్లియ్యండి, నేను బిగిస్తా" అన్నాడు మస్తాన్ భాయ్. వినకుండా నేనే బిగించాను. పుటుక్కున విరిగింది. అదే ఆఖరిది.

"ఇంకోటి పెట్టు పిన్నీ."

"లేవమ్మా. చెక్‌పోస్టు దగ్గర చూపించమంటే..."

"అన్నీ నువ్వే వెలిగించేసుకున్నావా?" అని మైకులోనే అరిచింది. హాలంతా గొల్లున నవ్వింది.

"నవ్వకండి!" అని అటు తిరిగింది సాహితి. ముఖం కందగడ్డ అయింది. "ఆయన్ని కూడా బళ్లో మొద్దన్నారు. రైల్లో పేపర్లు అమ్ముకుంటూ, అందులోనే ప్రయోగాలు చేసి పెట్టెకు నిప్పంటించాడు. ఎన్ని దారాలు మాడిపోయాయో! మాడినా మళ్లీ చేశాడు. కానీ ఆయన పుల్లల్ని వాళ్ల పిన్ని కాల్చెయ్యలేదు!" ఐదు నిమిషాలిస్తే పన్నెండు నిమిషాలు మాట్లాడింది. అందులో నాలుగు నన్ను తిట్టడానికే.

తిరుగు దారంతా నాకు సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. దీపం వెలిగి ఉంటే సాహితి దాని వెనకే దాక్కునేది. ఆ రోజు హాల్లో అందరూ తననే చూశారు, కోపంలో తనకు ఆ సంగతే గుర్తు రాలేదు. ఈ దారిన వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే: శుక్రవారం ఉదయం షాపులుండవు, కావలసినవి గురువారమే కొనుక్కోండి. కొన్నాక వాటిని నాలాంటి వాళ్ల చేతికి ఇవ్వకండి.