సాయన్న రక్తంలో కనబడిన బి

2022 వానాకాలం. నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో నేను టెక్నీషియన్‌ని. అప్పటికే చాలా ఏళ్లుగా ఆ పనిలో ఉన్నాను. రక్తం గ్రూపు చూడటంలో నాకు కొత్తగా ఎదురయ్యేది ఏమీ ఉండదనుకునేదాన్ని.

బోధన్ దగ్గరి పల్లె నుంచి సాయన్న అనే రైతు సర్జరీ వార్డులో చేరాడు. షుగర్ ఫ్యాక్టరీ మూతపడేదాకా చెరకు వేసేవాడు, ఆ తర్వాత వరికి మారాడు. కామెర్లతో ఒళ్లంతా పచ్చబడి, చలిజ్వరంతో వచ్చాడు. క్లోమం తల భాగంలో క్యాన్సర్ గడ్డ. దానికి చేసే ఆపరేషన్‌ను విప్పుల్ సర్జరీ అంటారు. క్లోమం తలతో పాటు పిత్తాశయాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని తీసేసి, మిగిలినవాటిని మళ్లీ కలిపి కుడతారు. గంటల తరబడి సాగే పని. రక్తం సిద్ధంగా ఉంచాల్సిందే.

రక్తం ఇస్తానని ఆయన కూతురు మౌనిక మా దగ్గరికి వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. ఆమెది ఓ పాజిటివ్.

"అక్కా, ఓ గ్రూపోళ్లు ఈ ఆపరేషన్ అయినంక ఎక్కువ రోజులు బతుకుతరని ఫోన్ల సదివిన. నా రక్తం ఎక్కిస్తే మా బాపుకు గూడ గట్లనే అయితదా?"

ఓ గ్రూపుకు కాస్త మేలని చెప్పిన పరిశోధనలు ఉన్నాయి, తేడా లేదన్నవీ ఉన్నాయి. ఎలా చూసినా, ఎక్కించిన రక్తం కొన్ని నెలల్లో పోతుంది, మనిషి సొంత గ్రూపు మారదు. గడ్డ ఎంత పాకింది, మొత్తం తీయగలిగారా అన్నవే ముఖ్యం. ఆ మాటే నెమ్మదిగా చెప్పాను.

"ఇంకొకటమ్మా, సొంత బిడ్డ రక్తం తండ్రికి ఎక్కియ్యం. ఎప్పుడో ఒకసారి ప్రమాదమైతది. నీది వేరేటోళ్లకు పోతది, మీ బాపుకు మా దగ్గర ఉన్నది ఇస్తం."

"సొంత బిడ్డనైతేనే గదా, అక్కా" అంది.

నాకు అర్థం కాలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"బోధన్‌ల పరీక్ష జేస్తే బాపుది ఏబీ అన్నరు. నేను ఇంటర్‌ల బైపీసీ. ఏబీ తండ్రికి ఓ గ్రూపు బిడ్డ పుట్టదు. అమ్మను ఎట్ల అడగాలె? బాపు గిట్ల పండుకొని ఉంటే ఆయననెట్ల అడగాలె?"

సాయన్న శాంపిల్ అప్పటికే వచ్చింది. లోపలికి వెళ్లి నేనే పరీక్ష పెట్టాను. ఏ గ్రూపును పట్టే మందు వేస్తే రక్తకణాలు బలంగా ముద్దకట్టాయి. బి మందుకు కూడా బలహీనంగానైనా ముద్దకట్టాయి. ఏబీనే! అద్దం అవతల ఆ పిల్ల నన్నే చూస్తోంది.

గ్రూపింగ్‌కు ఇంకో సగం ఉంటుంది, దాన్ని రివర్స్ అంటాం. రోగి ప్లాస్మాను తెలిసిన రక్తకణాలతో కలిపి చూడటం. ఏబీ మనిషి ప్లాస్మా ఏ, బి కణాలు రెండింటినీ ముద్దకట్టించకుండా ఉండాలి. సాయన్న ప్లాస్మా బి కణాలను ముద్దలు ముద్దలు చేసింది. అంటే ఆయన ఒంటికి బి పడదు. ఆ బోధన్ రిపోర్టు నమ్మి ఏబీ రక్తం ఎక్కించి ఉంటే ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోయినా పోయేది.

శాంపిళ్లు మారాయేమోనని నేనే వార్డుకు పోయి మళ్లీ రక్తం తీశాను.

"మల్ల గుచ్చుతున్నవా బిడ్డా? సాలలేదా?" అన్నాడు సాయన్న, నవ్వబోతూ.

తిరిగి వచ్చేసరికి మౌనిక గుమ్మంలో నిలబడి ఉంది. "ఏదొచ్చినా సరే అక్కా. నా రక్తం తీస్కో. ఎవలికి పోయినా మంచిదే. ఆయన నా బాపే."

ఆమె రక్తం తీసుకున్నాం. రెండో శాంపిల్‌లోనూ అదే ఫలితం. మా డాక్టరమ్మను పిలిచాను. ఆమె రెండు ఫలితాలూ చూసి, "అక్వైర్డ్ బి అయి ఉండాలి. నేనూ పుస్తకంలో చదవడమే" అంది. కడుపులో క్యాన్సర్, దానికి తోడు ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, కొన్ని బాక్టీరియాలు ఏ గ్రూపు కణాల పైపూతను కొరికి బి లాగా కనబడేట్టు చేస్తాయి. పుట్టుకతో వచ్చిన గ్రూపు మాత్రం మారదు. ఇంకో రకం మందుతో పరీక్షిస్తే ఆ బి మాయమైంది. సాయన్నది ఏ పాజిటివ్.

"మీ బాపుది ఏ గ్రూపు. ఏ గ్రూపు తండ్రికి ఓ గ్రూపు బిడ్డ పుట్టొచ్చు" అన్నాను. మౌనిక గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుండిపోయింది.

జ్వరం తగ్గాక, ఏ గ్రూపు రక్తంతోనే ఆపరేషన్ జరిగింది. కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్షిస్తే బి జాడే లేదు. చెకప్‌కు వచ్చిన సాయన్న ఒకసారి మా గది ముందు ఆగాడు. కూతురు అంతా చెప్పేసిందట.

"గంత మాట మనసుల వెట్టుకొని నాకు అన్నం తినిపిచ్చింది మేడం, నా బిడ్డ" అని కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి ఏడాది జబ్బు కాలేయానికి పాకింది. ఆయన దక్కలేదు. ఫోన్ చేసి చెప్పింది మౌనికే.

కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఈ కేసు చెబుతుంటాను. రెండు సగాలూ కలవకపోతే ఆగండి, పెద్దవాళ్లను పిలవండి అంటాను. గ్రూపు పేరు కౌంటర్ దగ్గర గట్టిగా చదవొద్దనీ అంటాను. రిపోర్టు కోసం బయట నిలబడ్డ మనిషి మనసులో ఏం పెట్టుకుని నిలబడిందో మనకు తెలియదు.